మనవి నెంబరు 214

మనిషి చేతుల మీదుగా పుట్టినవాటిలో అన్నిటికంటే ఎక్కువకాలం నిలిచేవి రాతికోటలని చరిత్ర పుస్తకాలు రాసినవాళ్ళు తేల్చేశారు. వాళ్ళలో ఒక్కరు కూడా ఆడపిల్లల బోర్డింగు బడిలో మధ్యాహ్నం భోజనానికి కూర్చున్న పాపాన పోలేదు. కూర్చుని ఉంటే, కోటగోడలకు బీటలు వారతాయనీ, ఇత్తడి గిన్నెలకు చిల్లులు పడతాయనీ, ఒకసారి రిజిస్టరులోకి ఎక్కిన మాట మాత్రం ప్రళయం వచ్చినా చెక్కుచెదరదనీ వాళ్ళకు బోధపడేది.

నేను చెప్పబోయేది ఒక క్రైస్తవ సంఘం నడిపే ఆడపిల్లల బోర్డింగు బడి సంగతి. మా మనవరాలు అక్కడ ఆరో తరగతి. నేను చెప్పేదాంట్లో ఎక్కడైనా అనుమానం వస్తే దాన్ని అడగండి. దానికి అబద్ధాలాడే వయసు ఇంకా రాలేదు. నాకు ఆ వయసు దాటిపోయి చాలా కాలమైంది (మా ఆవిడ ఈ వాక్యాన్ని ఒప్పుకోదు).

ఆ బడికి ఒక ప్రార్థన మనవుల రిజిస్టరు ఉంది. ఉంది అంటే సరిపోదు. మూడు సంపుటాలుగా, నీలం గుడ్డ అట్టలతో, ఇద్దరు పట్టుకుంటే గాని లేవనంత బరువుగా ఉంది. ఒకసారి ఆ బరువుకు బల్లకాలు విరిగింది. బల్లకాలు బాగుపడాలన్నది ఎనభై ఆరో మనవిగా మళ్ళీ ఆ రిజిస్టరులోకే ఎక్కింది.

పద్ధతి చాలా సులువు. బడిలో ఎవరికి ఏ కష్టం వచ్చినా అందులో రాయించుకోవచ్చు. రాయించింది నెరవేరేదాకా రోజూ మధ్యాహ్నం భోజనానికి ముందు చదువుతారు. చదివిన ప్రతిదానికీ పిల్లలు ఆమేన్ అంటారు. నెరవేరాక కొట్టేసి, ఆ నెంబరు తరవాత వచ్చే మనవికి ఇస్తారు. చిక్కంతా ఆ కొట్టెయ్యడం దగ్గరే ఉంది. నెరవేరిందని ఎవరికి వాళ్ళు అనుకుంటే చాలదు, నెరవేర్పు ధ్రువపత్రం కావాలి. దానిమీద మనవి పెట్టినవాళ్ళ సంతకం, కళ్ళారా చూసిన సాక్షి సంతకం, ప్రిన్సిపాల్ సంతకం, మూడూ పడాలి. (దేవుడి సంతకం అక్కర్లేదని నియమావళిలో స్పష్టంగా ఉంది. ఆయన చేసిపెట్టేవాడే గాని, ధ్రువీకరించే అధికారి కాడు.)

ఈ రిజిస్టరును నలభై ఏళ్ళుగా కనిపెట్టుకుని ఉన్న పెద్దావిడ పేరు అందరూ మరిచిపోయారు. రిజిస్టరు సిస్టర్ అంటారు. సన్నగా, నిటారుగా ఉంటుంది. చెవి వెనకాల ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిలు. మనవి చదువుతుంది, ఆమేన్ చెవిన పడగానే దాని పక్కన టిక్కు పెడుతుంది. టిక్కు పెట్టకుండా ఒక్క మనవి దాటిన రోజు ఆవిడ జన్మలో లేదు.

ఇంతకీ అందులో ఉన్న మనవులు ఎలాంటివంటే, మూడోది నూతిమీది పంపు బాగుపడాలని. ఆ పంపు బాగుపడలేదు. దాని బదులు కొత్త పంపు వచ్చి, అదీ పాతబడి, ఇంకో కొత్తది వచ్చింది. నీళ్ళు ధారాళంగా పడుతున్నాయి. అయితే మనవిలో నీళ్ళ మాట లేదు, ఆ పంపు మాటే ఉంది. అది గోదాములో తుప్పుపట్టి పడుకుని ఉంది. రెండువందల నలభై మంది ఆడపిల్లలు రోజూ దాని స్వస్థత కోసం ప్రార్థిస్తారు. ఆ పంపుకు దక్కినంత ప్రార్థన ఊపిరి ఉన్న మనిషికెవరికీ దక్కి ఉండదు.

పంతొమ్మిదోది అప్పటి వార్డెను గారి మోకాలి నొప్పి. ఆవిడ ప్రభువు సన్నిధికి చేరి పన్నెండేళ్ళయింది. అక్కడ నొప్పులనేవి ఉండవని పాస్టరు అయ్యగారు గట్టిగా చెబుతారు. అయితే సాక్షిగా సంతకం పెట్టండయ్యా అంటే మాత్రం, తాను స్వయంగా వెళ్ళి చూడలేదంటారు. ఇరవై ఏడోది వానలు కురవాలని. ఇరవై ఎనిమిదోది వానలు ఆగాలని, ఎందుకంటే ఉతికిన యూనిఫారాలు ఆరడం లేదు. రెండూ అమలులో ఉన్నాయి. అందువల్ల ఆ బడి మీద ఏడాది పొడుగునా మబ్బు పట్టే ఉంటుంది. కురవదు, పోదు. పైనున్నవాళ్ళు మాత్రం ఏం చేస్తారు పాపం.

ఇలా మొత్తం మూడువందల పన్నెండు. పన్నెండున్నరకు చదవడం మొదలుపెడితే రెండూ పద్నాలుగుకు అవుతుంది. దీనివల్ల భోజనం తరవాత జరగాల్సిన మొదటి పీరియడు ఎప్పుడో ఎగిరిపోయింది. అది భూగోళం పీరియడు. తమ బడి ఏ ఊళ్ళో, ఏ దేశంలో ఉందో అక్కడి పిల్లలకు ఈనాటికీ తెలియదు. నాకూ వాళ్ళే దారి చెప్పారు కనుక నేనూ మీకు చెప్పలేను.

భోజనశాల గోడమీద ఒక పెద్ద గడియారం ఉంది. అది పంతొమ్మిదేళ్ళ కిందట పన్నెండూ ముప్పై అయిదు దగ్గర ఆగిపోయింది. ఆ గడియారం ప్రకారం చూస్తే ప్రార్థన ఏనాడూ అయిదు నిమిషాలు మించలేదు. వార్షిక నివేదికలో ఆ లెక్కే రాస్తారు.

ఈ గంటా నలభై నాలుగు నిమిషాలూ భోజనం పళ్ళాల్లోనే ఉంటుంది. చదవడం అయ్యాక వడ్డించవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఎదురుగా లేని భోజనానికి కృతజ్ఞత చెప్పడం అబద్ధసాక్ష్యం కిందికి వస్తుందని మొదటి నియమం. మూతలు పెట్టుకోవచ్చు కదా అంటారా? కంటికి కనబడని భోజనం ఎదురుగా ఉన్నట్టు కాదని రెండో నియమం.

ఇక వంటక్క సంగతి. ఆవిడ ఆ బడిలో పదకొండేళ్ళుగా వండుతోంది. ఆవిడ కూర పొయ్యిమీద ఉన్నప్పుడు ఆ వాసనకు రోడ్డున పోయే పోస్టుమేను సైకిలు దిగి, బడికి రాని ఉత్తరం కోసం సంచీ అంతా వెతుకుతాడు. అదే కూర పళ్ళెంలోకి వచ్చి గంటా నలభై నాలుగు నిమిషాలు కూర్చున్నాక, మీద మైనంలాంటి పొర కడుతుంది. చెంచా గుచ్చితే నిలబడుతుంది. రొట్టె ఊసు ఎత్తకపోవడమే మంచిది. ఒకసారి మా మనవరాలు రొట్టె జారవిడిస్తే, పలక పగిలిందేమోనని పక్కబల్లవాళ్ళు వంగి చూశారు.

పదకొండేళ్ళలో ఆవిడ వంట వేడిగా తిన్నవాళ్ళు ఆ బడిలో ఒక్కరూ లేరు, ఆవిడతో సహా. వంటవాళ్ళు కూడా ప్రార్థన అయ్యేదాకా నోట్లో ఏమీ వేసుకోకూడదని నాలుగో నియమం. ఉప్పు సరిపోయిందో లేదో ఆవిడ ఆవిరి వాసనతోనే పోల్చుకుంటుంది. పిల్లలు ఆవిడకు చల్లటక్క అని పేరు పెట్టారు. వార్షిక నివేదికలో 'వంట' అన్న గడిలో పదకొండేళ్ళుగా ఒకే మాట ఉంది: చల్లగా ఉన్నది.

ఇలాంటి బడికి కొత్త ప్రిన్సిపాల్ వచ్చింది.

పొట్టి మనిషి. నాలుగడుగుల పదంగుళాలు, అదీ చెప్పులతో. వేరే బడుల్లో లెక్కల పాఠాలు చెప్పి చెప్పి ఇక్కడికి వచ్చింది. చేతిలో ఒక పెట్టె, ఒక గొడుగు, ఒక ఫ్లాస్కు. పిల్లలు స్వాగతగీతం పాడారు. పాట నాలుగు చరణాలు, నాలుగూ ఓపిగ్గా విని, మధ్యాహ్నం భోజనశాలకు వచ్చి చేతులు జోడించి కూర్చుంది.

యాభయ్యో మనవి దాకా, తన రాక సందర్భంగా ఏదో ప్రత్యేక ప్రార్థన పెట్టారనుకుంది. నూరో మనవి దగ్గర తలెత్తి గడియారం చూసింది. పన్నెండూ ముప్పై అయిదు. పరవాలేదు, ఎక్కువసేపు కాలేదు అనుకుంది. నూటయాభయ్యో మనవి దగ్గర మళ్ళీ చూసింది. పన్నెండూ ముప్పై అయిదు. తన తల తిరుగుతోందేమోనని బల్ల పట్టుకుంది.

అప్పటికి రిజిస్టరు సిస్టర్ ఎక్కడా తొట్రుపడకుండా రెండువందల పద్నాలుగో మనవికి వచ్చింది. "ప్రభువా, మంచిదియు, ఓర్పుగలదియు, గోడగడియారమునకు చెయ్యి అందునంత పొడుగైనదియు నగు ప్రిన్సిపాలును మాకు అనుగ్రహింపుము."

పిల్లలంతా ఆమేన్ అన్నారు. అప్పటికి రెండువందల పదమూడుసార్లు అని నోరు అలవాటు పడిపోయిన కొత్త ప్రిన్సిపాల్ కూడా ఆమేన్ అంది.

అన్నాక గాని అన్నదేమిటో ఆవిడకు తట్టలేదు. ప్రార్థన ముగిసి, రొట్టెను రెండు చేతులతో విరిచే ప్రయత్నం విరమించాక, రిజిస్టరు సిస్టర్‌ను పక్కకు పిలిచింది.

"సిస్టర్, ఆ రెండువందల పద్నాలుగు నాకోసమే కదా. నేను వచ్చేశాను కదా."

"వచ్చారు మేడమ్. చాలా సంతోషం."

"మరి దాన్ని కొట్టెయ్యొచ్చుగా?"

"వచ్చింది ఒక ప్రిన్సిపాల్ మేడమ్. అడిగింది మంచి ప్రిన్సిపాల్‌ని. ఇద్దరూ ఒకరేనా కాదా అని కమిటీ చూడాలి."

"కమిటీలో ఎవరెవరున్నారు?"

"నేనున్నాను. పాస్టరు అయ్యగారున్నారు, ఆయన నిద్రపోతుంటారు. మూడో మనిషి ప్రిన్సిపాల్ గారు. ఆ స్థానం ఖాళీగా ఉంది."

కథ ఏమిటంటే, పంతొమ్మిదేళ్ళ కిందట అప్పటి ప్రిన్సిపాల్ వెళ్ళిపోయిన వారంలోనే గడియారం ఆగింది. కీ ఇద్దామంటే నిచ్చెన కనబడలేదు (నిచ్చెన దొరకాలన్నది రెండువందల పదమూడో మనవి). అందుకని, ఎలాగూ కొత్త ప్రిన్సిపాల్ కోసం ప్రార్థించాలి గనక, పనిలో పనిగా కాస్త పొడుగు కూడా అడిగారు. ఆ తరవాత నలుగురు వచ్చారు. మొదటి ఆవిడ పొడుగే, కానీ మొదటిరోజే నూటయాభయ్యో మనవి దగ్గర లేచి వెళ్ళిపోయింది, ఓర్పు దగ్గర తప్పింది. రెండో ఆవిడకు ఓర్పు ఉంది, చెయ్యి అందలేదు. మూడో ఆవిడకు రెండూ ఉన్నాయి. మంచిదా కాదా అని కమిటీ నాలుగేళ్ళు ఆలోచించి ఒక అభిప్రాయానికి వచ్చేలోపు రిటైరయిపోయింది. నాలుగో ఆవిడ గురించి ఎవరూ ఏమీ చెప్పరు. ఆవిడ పేరెత్తితే పాస్టరు అయ్యగారు కూడా మేలుకుంటారు.

అంతటితో పోతే బాగుండేది. ఆ మనవి తెరిచి ఉన్నంతకాలం, బడికి అడిగిన ప్రిన్సిపాల్ ఇంకా రానట్టే లెక్క. రాని మనిషి సంతకం ఏ ధ్రువపత్రం మీదా చెల్లదు. అందుకని పంతొమ్మిదేళ్ళుగా ఒక్క మనవి కూడా కొట్టెయ్యలేదు. మూడో తరగతి పాపవి, పోయినవారం కనబడకుండా పోయి ఆ సాయంత్రమే దొరికిన చెప్పుల జతను కూడా (మూడువందల పన్నెండో మనవి) రోజూ చదువుతున్నారు. ఆ చెప్పులు వేసుకుని, ఆ చెప్పులు దొరకాలని ఆ పాప ఆమేన్ అంటోంది.

మరునాడు పాలకమండలి నుంచి ఉత్తరం వచ్చింది. బడి భోజనం పదకొండేళ్ళుగా చల్లగా ఉన్నట్టు నివేదికలు చెబుతున్నాయి కనుక, ఈ వంటమనిషిని తీసేసి, చల్లగా తినడానికే ప్రత్యేకంగా తయారుచేసిన అట్టపెట్టెల భోజనం తెప్పించాలని అనుకుంటున్నారట. తొందరపడి నిర్ణయం చెయ్యడం తమ పద్ధతి కాదు కనుక, ఈ నెల ఆఖరి శుక్రవారం స్వయంగా వచ్చి, పిల్లలతో కలిసి కూర్చుని, ప్రార్థన అయ్యాక రుచి చూస్తారట.

ప్రార్థన అయ్యాక అన్న ముక్క దగ్గర కొత్త ప్రిన్సిపాల్ ఉత్తరం మడిచేసింది.

ఆవిడ చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. ముందు గడియారం కింద ఒక స్టూలు వేయించి, దానిమీదికెక్కి, కీ ఇచ్చి చూపించింది. అది టిక్కుటిక్కుమంటూ నడిచింది కూడా. రిజిస్టరు సిస్టర్ కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఇది స్టూలు పొడుగు మేడమ్, మీది కాదు" అని చెప్పి, స్టూలు దిగాక గడియారాన్ని మళ్ళీ పన్నెండూ ముప్పై అయిదుకు పెట్టించింది. వార్షిక నివేదికలో తేడా వస్తుందట.

తరవాత లెక్కల దారి పట్టింది. మూడువందల పన్నెండు మనవులు, పన్నెండు బల్లలు. బల్లకు ఇరవై ఆరు. అన్ని బల్లలవాళ్ళూ ఒకేసారి చదివితే తొమ్మిది నిమిషాల్లో ముగుస్తుంది, కూర మీద పొర కట్టదు. నల్లబల్ల మీద వేసి చూపించింది. రిజిస్టరు సిస్టర్ లెక్కను ఒప్పుకుంది.

"కానీ అందరూ ఒక్కసారే చదివితే వినేదెవరు మేడమ్?"

"దేవుడు వింటాడు కదా సిస్టర్."

"ఆయన వింటాడు మేడమ్. నేను టిక్కు ఎలా పెట్టను?"

కొత్త ప్రిన్సిపాల్ నల్లబల్ల తుడిచేసింది.

శుక్రవారం ఇంకా అయిదు రోజులుందనగా వంటక్క ఆఫీసు గది గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. చేతులు తుడుచుకుంటూనే ఉంది, అవి ఎప్పుడో ఆరిపోయినా.

"నన్ను తీసెయ్యొద్దని అడగడానికి రాలేదమ్మా," అంది. "పదకొండేళ్ళు వండాను. నా కూర ఎలా ఉంటుందో చెప్పిన మనిషి ఒక్కరు లేరు. పొగలు పోతుండగా ఒక్కసారి ఎవరో ఒకరు తిని, బాగుందో లేదో చెబితే చాలు. బాలేదంటే ఆ రోజే మూట సర్దుకుంటాను."

"నువ్వెప్పుడైనా వేడిగా తిన్నావా అక్కా?"

"నాలుగో నియమం కదమ్మా," అంది వంటక్క, ప్రిన్సిపాల్‌కు ఆ మాత్రం తెలియనందుకు కాస్త నొచ్చుకుంటూ.

"పోనీ, ఈ సంగతి రిజిస్టర్లో రాయించావా?"

"అది తినేవాళ్ళ పుస్తకం కదా. వండేవాళ్ళు కూడా రాయించుకోవచ్చా?"

కొత్త ప్రిన్సిపాల్ బీరువా తెరిచి, నూటపన్నెండు పేజీల నియమావళి బయటికి తీసింది. ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుని, ఫ్లాస్కులో టీ అయిపోయేదాకా చదివింది. పదిహేడో నియమం దగ్గర ఆగింది.

ఆ నియమానికి ఒక చరిత్ర ఉంది. చాలాకాలం కిందట వంటిల్లు అంటుకుంది. మంటలు ఆరాలని వెంటనే మనవి రాయించారు గాని, వరసలో అది నలభై రెండోది. నలభై ఒకటీ శ్రద్ధగా చదివి దాని దగ్గరికి వచ్చేసరికి మంటలు వాటంతటవే ఆరిపోయాయి, కాలడానికి ఇంకేమీ మిగలక. (అది నెరవేరిందని ఆనాడే ధ్రువపత్రం ఇచ్చారు. సాక్షులకు కొదవ లేకపోయింది.) ఆ అనుభవం మీద రాసిందే పదిహేడో నియమం: అత్యవసర మనవిని అన్నిటికంటే ముందు చదవవలెను. చదివిన వెంటనే అది నెరవేరినదో లేదో అక్కడికక్కడే పరిశీలింపవలెను. పరిశీలన ముగియువరకు తదుపరి మనవికి పోరాదు.

శుక్రవారం వచ్చింది. పాలకమండలి తరఫున ముగ్గురు వచ్చారు. కళ్ళజోడు పెట్టుకున్న అధ్యక్షుడు ఒకరు, ఎవరేమన్నా కాగితం మీద పెట్టే కార్యదర్శి ఆవిడ ఒకరు, తొందరపని ఉన్న సభ్యుడు ఒకరు. ఆ తొందరాయన గోడగడియారం చూసి, వేళ మించలేదని స్థిమితపడ్డాడు.

వంటక్క వడ్డించింది. పన్నెండు బల్లల మీదా పొగలు లేచాయి. అధ్యక్షుడి కళ్ళజోడు మసకబారిపోయింది. రిజిస్టరు సిస్టర్ మూడో సంపుటం తెరిచి, అత్యవసరమని ఎర్రగీత గీసిన కొత్త మనవిని ముందుగా చదివింది. మూడువందల పదమూడోది. వంటక్క చెప్పింది చెప్పినట్టే ఉంది, గ్రాంథికంలోకి మార్చలేదు.

"దేవా, నా కూర పొగలు పోతుండగా ఎవరో ఒకరు తినాలి."

ఆమేన్ అన్నారు. సిస్టర్ టిక్కు పెట్టి, మొదటి సంపుటం వైపు తిరిగింది.

"పదిహేడో నియమం, సిస్టర్," అంది కొత్త ప్రిన్సిపాల్, కూర్చున్నచోటి నుంచే.

ఎర్ర పెన్సిలు గాల్లో ఆగింది. నూటపన్నెండు పేజీలూ ఆవిడకు కంఠతా వచ్చు. "పరిశీలించాలి, నిజమే," అంది. "ఎలాగ?"

"తింటేగాని తెలీదు కదా."

"ప్రార్థన కాకుండా భోజనం చెయ్యకూడదు మేడమ్."

"భోజనం చెయ్యమని ఎవరన్నారు సిస్టర్? పరిశీలన."

పాస్టరు అయ్యగారు సైతం మేలుకున్నారు, వాసనకు. రిజిస్టరు సిస్టర్ కళ్ళు మూసుకుని, మనసులోనే పేజీలు తిప్పుకుంది. ఎక్కడా అడ్డు కనబడలేదు. సాక్షి కావాలంది. దగ్గర్లో కూర్చున్నది మా మనవరాలు. దాన్ని లేపి నిలబెట్టారు. అది రొట్టె తుంచి, కూరలో ముంచి, నోట్లో పెట్టుకుంది.

"ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పు," అంది సిస్టర్.

"కాలింది సిస్టర్."

"ఏది కాలింది?"

"నాలుక."

"చూపించు."

చూపించింది. సిస్టర్ కళ్ళజోడు ముక్కు కొసకు దించుకుని చూసి, 'సాక్షి నాలుక ఎర్రగా ఉన్నది' అని రాసుకుంది. అయితే పిల్ల నాలుకలు సహజంగానే ఎర్రగా ఉంటాయి గనక, ఇంకొకరు కూడా చూసి ఖాయం చెయ్యాలి. ఆ ఇంకొకరు రిజిస్టరు బాధ్యులైతే మంచిది. ఇదంతా ఆవిడే పైకి అనుకుని, ఆవిడే ఒక చిన్న ముక్క తుంచుకుని నోట్లో వేసుకుంది.

నలభై ఏళ్ళలో మొదటి వేడిముద్ద. మా మనవరాలు దగ్గర నిలబడి చూసింది. ముందు ఆవిడ దవడ ఆగిపోయిందట. తరవాత చెవి వెనకాల పెన్సిలు కిందపడిందట. ఆవిడ తీసుకోలేదట.

"ఇది ఒక్క ముద్దతో తేలే విషయం కాదు," అంది సిస్టర్ చివరికి, రెండో ముక్క తుంచుతూ. "పైగా మనవిలో ఎవరో ఒకరు అని ఉంది. ఆ ఒకరు ఎవరో రాయలేదు. ఎవరో తేలేదాకా అందరూ పరిశీలించాలి."

రెండువందల నలభై మంది పరిశీలించారు. అంత శ్రద్ధగా ఆ బడిలో ఏ పాఠమూ ఎవరూ వినలేదు. తొందరపని ఉన్న సభ్యుడు మూడుసార్లు పరిశీలించి, పళ్ళాన్ని కూడా రొట్టెతో తుడిచి పరిశీలించాడు. కొత్త ప్రిన్సిపాల్ తన పళ్ళెం పక్కన పెట్టి, ఇంకో పళ్ళెంలో వడ్డించి, వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డ వంటక్క చేతిలో పెట్టింది. మనవి పెట్టినది నువ్వు, నువ్వు చూడకపోతే ఎలాగంది.

వంటక్క ఒక ముద్ద తిని, చాలాసేపు నమిలింది. అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు.

"ఉప్పు ఒక రవ్వ తక్కువైందమ్మా," అంది. "ఇన్నేళ్ళూ తక్కువే వేస్తున్నాను గామోసు. ఎవరూ చెప్పలేదే."

అందరూ తినడం, క్షమించాలి, పరిశీలించడం అయ్యాక ధ్రువపత్రం తెచ్చారు. వంటక్క సంతకం పెట్టింది. మా మనవరాలు నాలుక బయటపెట్టుకునే సాక్షి సంతకం పెట్టింది. కొత్త ప్రిన్సిపాల్ కలం మూత తీసింది. రిజిస్టరు సిస్టర్ ఆవిడ చేతికి అడ్డంగా ఎర్ర పెన్సిలు పెట్టింది.

"మీ సంతకం చెల్లదు మేడమ్. రెండువందల పద్నాలుగు ఇంకా తెరిచే ఉంది."

"మరెలా సిస్టర్?"

"ఏముంది, ఇది నెరవేరినట్టు కాదు. రేపు మళ్ళీ ముందుగా చదువుతాం. రేపు మళ్ళీ పరిశీలిస్తాం." సిస్టర్ ముఖంలో ఒక్క గీత కదలలేదు. "ఎన్నాళ్ళయితే అన్నాళ్ళు."

కొత్త ప్రిన్సిపాల్ కలానికి మూత పెట్టేసింది. ఆ తరవాత ఖాళీ పళ్ళాల ఎదురుగా, మిగతా మూడువందల పన్నెండు మనవులూ ఒక్కటి తప్పకుండా చదివారు. (ఖాళీ పళ్ళెం కంటికి కనబడుతూనే ఉంటుంది గనక రెండో నియమానికి లోటు రాలేదు.) రెండువందల పద్నాలుగో మనవి దగ్గర, కడుపునిండా తిన్న కొత్త ప్రిన్సిపాల్ అందరికంటే గట్టిగా, గోడలు మారుమోగేట్టు ఆమేన్ అంది. కార్యదర్శి ఆవిడ తల ఎత్తి చూసి, ఏదో రాసుకుంది.

అప్పట్నుంచి ఆ బడిలో రోజూ వేడిగా పరిశీలిస్తున్నారు. రెండోసారి వడ్డించుకోవడాన్ని పునఃపరిశీలన అంటారు. ఉప్పు సరిపోతోంది. చల్లటక్క అన్న పేరు పోయింది, ఇప్పుడు వంటక్కను పరిశీలనక్క అంటున్నారు. మూడువందల పన్నెండూ ముగిశాక నియమం ప్రకారం భోజనం మొదలవుతుంది. అందరూ ఖాళీ పళ్ళాల ముందు ఒక్క నిమిషం కూర్చుని లేస్తారు. పిల్లలు సంబరం పట్టలేక ఒకనాడు గుంపుగా ఆఫీసు గదికి వెళ్ళి, మంచి ప్రిన్సిపాల్ మీరేనని మేమంతా సంతకాలు పెడతాం, ఆ మనవి కొట్టించేద్దాం మేడమ్ అన్నారు. ఆవిడ లేచి ముందు తలుపు వేసింది.

"ఆ మాట బయట అనకండే," అంది. "నేను మంచిదాన్నని తేలిందా, నా సంతకం చెల్లుతుంది. చెల్లితే పదమూడో మనవి మీద పెట్టాలి. పెట్టానా, మర్నాటినుంచి మీ కూర చల్లారిపోతుంది."

పదమూడో మనవి అని ఆవిడ ముద్దుగా అనేది మూడువందల పదమూడునే. పిల్లలకు అర్థమైంది. ఎవరడిగినా ఆవిడ చెడ్డదనే చెప్పడానికి ఒప్పుకుని తరగతులకు పోయారు.

నెల తిరక్కుండా పాలకమండలి తీర్మానం వచ్చింది. అందులో రెండు అంశాలున్నాయి. మొదటిది: వంట వేడిగా ఉన్నది, వంటమనిషిని కొనసాగించవలెను. రెండోది: మంచి ప్రిన్సిపాల్ కావాలని బడి మొత్తం, ప్రస్తుత ప్రిన్సిపాల్‌తో సహా, ఏకకంఠంతో కోరుచున్నట్లు మండలి స్వయంగా విన్నది. (ప్రస్తుత ప్రిన్సిపాల్ కంఠం అన్నిటికంటే స్పష్టంగా వినిపించినట్టు కింద ఒక గమనిక.) కావున మంచి, ఓర్పుగల, గోడగడియారానికి చెయ్యి అందేటంత పొడుగైన ప్రిన్సిపాల్ కోసం ప్రకటన ఇవ్వడమైనది. పంతొమ్మిదేళ్ళలో ఒక మనవిని పాలకమండలి ఇంత శ్రద్ధగా విన్నది ఇదే మొదలు.

బడి గుండెల్లో రాయి పడింది. అలాంటి పొడుగు మనిషి ఒక్కతె వచ్చి గడియారం అందుకుందంటే రెండువందల పద్నాలుగు నెరవేరినట్టే. ఆవిడ మొదటి సంతకం వంటక్క మనవి మీదే పడుతుంది, అందులో అనుమానం లేదు, అది అత్యవసరం. ఆ మర్నాడు మళ్ళీ కూర మీద పొర.

రిజిస్టరు సిస్టర్ అధ్యక్షతన ఒక అత్యవసర సమావేశం జరిగింది. ప్రిన్సిపాల్, వంటక్క, పాస్టరు అయ్యగారు, సాక్షి హోదాలో మా మనవరాలు హాజరు. గేటు దగ్గర వాచ్‌మన్‌ను పిలిచి, గోడమీద సుద్దముక్కతో అయిదడుగుల నాలుగంగుళాల ఎత్తున ఒక గీత గీసి ఇచ్చారు. ఆ గీత దాటిన ఆడమనిషి ఎవరొచ్చి ప్రిన్సిపాల్ ఉద్యోగం మాటెత్తినా, అది ఏ వేళయినా సరే, భోజనాల వేళ అమ్మా, తరవాత రండి అని వినయంగా చెప్పి పంపెయ్యాలి.

అలాంటి మనిషి ఆ గేటు వైపు ఎన్నటికీ రాకూడదని అందరూ కోరుకుంటున్నారు. మా మనవరాలు, మరి దీన్ని కూడా మనవిగా రాయిద్దామా సిస్టర్ అని అడిగిందట. రిజిస్టరు సిస్టర్ ఎర్ర పెన్సిలు చెవి వెనకాల పెట్టుకుని, వద్దంది. ఇది నిజంగా నెరవేరాల్సిన విషయమట.